ఎడమవైపు సూర్యుడు

ముందు వెలుగు ఎటునుంచి వస్తుందో తేల్చుకోవాలట.
గ్రంథాలయంలో గురువారం పాఠం చెప్పే ఎయిలిఫ్
తెర మీద చిన్న పసుపు చుక్క పెట్టి
"ఇదీ మీ సూర్యుడు" అన్నాడు.
నవ్వొచ్చింది.
బయట వార్డో ఊరి మీద
నవంబరు చివరి నుంచి సూర్యుడే లేడు.
పొద్దున కన్ను పొడుచుకున్నా ఏమీ కానరాదు,
మధ్యాహ్నం ఓ గంట సముద్రం మీద కాస్త నీలం, అంతే.
ఉన్ననాడు కూడా ఆయన ఎటునుంచి రావాలో
డెబ్బై ఒక్కేళ్లలో నన్నెవరూ అడగలేదు.
ఎడమ పై మూలలో పెట్టాను.
కిటికీ అటే ఉంది గనుక.

గీయాల్సింది గసగసాల పువ్వు.
గుడ్నీ ఇంటి వెనక తుప్పుపట్టిన నూనె పీపాలో
ఎవరూ నాటకుండానే జూలైలో లేచే తెల్ల పువ్వు.
నా ఫోన్లో ఒకే ఒక్క ఫొటో,
అదీ గాలికి చెదిరింది.

మొగ్గ విడిచిన మొదటి గంటలో దాని రేకు
జేబులో మరిచి ఉతికేసిన రుమాలులా ఉంటుంది.
ఆ ముడతలే దాని మెత్తదనం.
నున్నగా గీస్తే పువ్వు కాదు, పింగాణీ.

నాది చేయి తిరిగిన పనితనం కాదు.
చేయి వణుకుతుంది.
ముప్పై నాలుగేళ్లు చేపల కర్మాగారంలో
మంచునీళ్లలో కత్తి పట్టిన చేయి.
ఎయిలిఫ్ జాలిపడి ఒక మీట జరిపాడు,
గీతకు నిలకడ ఇచ్చేదట.
అది నా వణుకంతా మింగి
స్కేలు పెట్టినట్టు ఒక అంచు కక్కింది.
మీటను మళ్లీ సున్నాకి లాగాను.
వణుకు తిరిగొచ్చింది,
దానితోపాటు రేకు అంచూ.

నీడ దగ్గరే మూడు గురువారాలు పోయాయి.
నలుపు వేశాను,
ఎవరో చెంప మీద కొట్టినట్టు పువ్వు కమిలిపోయింది.
వెనక్కి. వెనక్కి. వెనక్కి.
(ఈ బొత్తాం కర్మాగారంలో ఉండుంటే
నా ఎడమ చిటికెన వేలు పూర్తిగా మిగిలేది.)
బూడిద వేశాను, మాసిన దుప్పటి.
"తెలుపుకు నీడ ఏ రంగు?" అని అడిగితే
రంగుల చక్రం తిప్పి ఏదో చెప్పాడు కుర్రాడు.

ఆ రాత్రి వండుదామని తెచ్చిన కాడ్ చేపను
బల్ల మీద వెల్లకిలా తిప్పాను.
ఎన్ని లక్షల పొట్టలు చీరానో!
ఒక్కదాన్నీ చూడలేదు.
తోక వైపు దిగేకొద్దీ లేత ఊదా,
రెక్క కింద పాలలో పడ్డ బ్లూబెర్రీ మరక,
చర్మం పలచబడిన చోట
లోపలి గులాబీ పైకి తేలుతూ...
తెలుపు ఎక్కడా లేదు.

చేపను అలాగే వదిలి టాబ్లెట్ తెరిచాను.
కొత్త పొర. పెద్ద కుంచె, మెత్తనిది,
గాఢత పన్నెండు శాతం.
ఊదాను అద్దలేదు, ఊదాను.
రేకు మీద రేకు వాలే చోట రెండోసారి,
నడిమి గుంటలో మూడోసారి,
వెలుగు రేకును దాటి ఇవతలికి వచ్చే చోట
గోరువెచ్చని పసుపు, ఉందా లేదా అన్నంత.
గడియారం ఆరు కొట్టింది
(తెల్లవారిందని అనలేను).
పువ్వు ఊపిరి తీసుకున్నంత పని చేసింది.
చేప పాడైంది, పిల్లి కూడా మొహం తిప్పుకుంది.

ఆదివారం గుడ్నీ వచ్చింది.
ఆమె రెండు కళ్లలోనూ ఒక పొర,
దాన్ని దాచిపెట్టే బొత్తాం లేదు;
ఆపరేషన్ మార్చిలో.
తెరను ముక్కుకు ఆనించుకుంది.
వేళ్లతో సాగదీసి ఒక్కో రేకునూ అరచేయంత చేశాను.
"నా పీపాలోదే" అంది.
"ఎలా తెలుసు?"
"కుడి రేకుకు చిరుగుందిగా.
షెడ్డు రేకు తగిలి ఏటా అక్కడే చిరుగుతుంది."

నేను చిరుగు వేయలేదు.
అది వణుకు ఎక్కువైన చోటు.
చెప్పలేదు.

వేలు పెట్టి తడిమింది.
తెర ఆ వేలినీ కుంచె అనుకుని
పువ్వుకు అడ్డంగా ఒక ఊదా చార లాగింది.
"ఏమైనా చెడగొట్టానా?"
నా బొటనవేలు వెనక్కి బొత్తాం మీదే ఉంది.
లేదన్నాను.
ఆ పొరకు తాళం వేసి
ఇద్దరికీ కాఫీ పోశాను.

సూర్యుడు పూర్తిగా కనబడిన రోజు
కోటలో ఫిరంగి పేలుస్తారు, బడికి సెలవిస్తారు.
ఇంకా పదహారు రోజులు.
ఈసారి ఎటునుంచి వస్తాడో చూడాలి.